పాత బెంజ్ కూపేకి వైడ్‌బాడీ చేయించి, పవర్ పెంచవచ్చా?

విజయనగరంలో మీ దగ్గరున్న మెర్సిడెస్ బెంజ్ 560 ఎస్ఈసీ కూపేని (రెండు తలుపుల కారు) వెడల్పు చేయించి, ఇంజిన్ ట్యూన్ చేయించాలని అడిగారు. 1980ల్లో ఏఎంజీ లాంటి ట్యూనర్లు (కార్లకు మార్పులు చేసి పవర్ పెంచే కంపెనీలు) ఈ కారుకే వైడ్‌బాడీ చేశారు కాబట్టి కోరిక సహజమే. కానీ అది అతికించి వదిలేసే పని కాదు.

ఒరిజినల్ ఫెండర్ (చక్రం మీద ఉండే బాడీ రేకు) అంచు కోసి, రేకు వెల్డ్ చేసి వెడల్పు తెస్తారు. అసలు సమస్య ఆ కోసిన చోటే. భోగాపురం, కళింగపట్నం వైపు ఉప్పుగాలికి లోపలి అతుకుల్లో తుప్పు త్వరగా పడుతుంది. లోపలివైపు కూడా ప్రైమర్, సీలర్, ఆపైన మైనం కోటింగ్ వేయించి తీరాలి. పైన పుట్టీ మందంగా పూసి నునుపు చేసే షాపుకి మాత్రం దయచేసి ఇవ్వకండి. చక్రాలు బయటికి జరిగేకొద్దీ బేరింగుల మీద భారం పెరుగుతుంది, గతుకుల్లో స్టీరింగ్ లాగుతుంది. స్పేసర్ల (చక్రాన్ని బయటికి జరపడానికి మధ్యలో పెట్టే బిళ్లలు) కంటే సరైన ఆఫ్‌సెట్ (చక్రం మధ్య గీతకూ అది బిగించే చోటుకూ ఉన్న దూరం) ఉన్న వెడల్పు చక్రాలే మేలు.

ఇంజిన్ 5.5 లీటర్ల వీ8. ఇంధనం కేఈ-జెట్రానిక్ అనే, ఎక్కువగా యాంత్రికంగా పనిచేసే పాత ఇంజెక్షన్ పద్ధతిలో వెళ్తుంది కాబట్టి ఇప్పటి కార్లలా లాప్‌టాప్‌తో రీమ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చడం) కుదరదు. ముందు ఫ్యూయల్ డిస్ట్రిబ్యూటర్ (సిలిండర్లకు ఇంధనం పంచే భాగం), ఇంజెక్టర్లు, ఇగ్నిషన్ సరిచేయించండి. పోయిన పవర్ చాలావరకు అక్కడే తిరిగొస్తుంది. పెట్రోల్‌లో ఇథనాల్ కలుస్తోంది కనుక పాత రబ్బరు పైపులూ మార్చాలి.

ఇంకొకటి, కంపెనీ వివరాలకు తేడా వచ్చే మార్పుల్ని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఒప్పుకోదు. 2019లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. రేకు కోయకముందే ఆర్టీఓ ఆఫీసులో రాతపూర్వకంగా అడగండి.