అగ్నిపర్వతం దాకా పోయి పొగ చూసి రావడమేనా?

ప్రశ్న: మా అబ్బాయి ఇండోనేషియాలో ఉద్యోగం చేస్తున్నాడు. ఆగస్టులో రమ్మని, బ్రోమో అగ్నిపర్వతం చూపిస్తానని అంటున్నాడు. వీడియోల్లో చూస్తే తెల్లటి పొగ తప్ప ఏమీ లేదు. అంత దూరం పోవాలా? పైగా మావారికి ఆస్తమా.
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: తప్పకుండా వెళ్లండమ్మా. ఎర్రటి లావా కాలువలా పారుతుందని మాత్రం అనుకోకండి, నేను పోయినప్పుడు ఒక్క చుక్క కనబడలేదు. అక్కడ కళ్లకన్నా ముందు ముక్కుకే తెలుస్తుంది. జీపు ఇంకా చీకట్లో పోతుండగానే, దీపావళి రాత్రి చిచ్చుబుడ్లన్నీ కాల్చాక వాకిట్లో మిగిలే వాసన ఉంటుంది చూడండి, సరిగ్గా అదే తగిలింది. గంధకం. మధ్యమధ్యలో కుళ్లిన గుడ్డు కంపు. మొదటిది సల్ఫర్ డయాక్సైడ్, రెండోది హైడ్రోజన్ సల్ఫైడ్.

జీపు దిగాక గుట్ట కింద అంతా ఇసుకే, కానీ మన గోదావరి ఇసుక లాంటిది కాదు, నల్లటి బూడిద, అడుగు వేస్తే మెత్తగా దిగబడుతుంది, గాలి వీస్తే పళ్ల మధ్య కరకరలాడుతుంది. (మన ఆదిలాబాద్ పత్తి చేలల్లోని నల్లరేగడి కూడా దాదాపు 6.6 కోట్ల ఏళ్ల కింద పారిన లావా రాయి అరిగి అయిన మట్టే. అది గుర్తొచ్చి ఒక గుప్పెడు తీసి చాలాసేపు చూశాను.) బ్రోమో శిఖరం ఎత్తు 2,329 మీటర్లు, తెల్లవారుజామున వేళ్లు కొంకర్లు పోయే చలి, స్వెటర్లు మరిచిపోవద్దు.

దాదాపు 250 మెట్లు ఎక్కితే బిలం, అంటే పొగ వచ్చే అగ్నిపర్వతం నోటి అంచు. అసలు సంగతి అక్కడి చప్పుడు. రైస్‌మిల్లు నడుస్తుంటే గోడకు ఆనుకుని నిలబడ్డట్టు, అది చెవుల్లో కన్నా ఛాతీలో ఎక్కువ తెలుస్తుంది, ఆగదు. ఇది ఏ వీడియోలోనూ రాదు. అంచు మీద వినాయకుడి విగ్రహం ఉంటుంది. చుట్టుపక్కల ఉండే టెంగర్ వాళ్లు హిందువులు, కసాడా పండుగకు కూరగాయలు, కోళ్లు తెచ్చి ఆ బిలంలోకే వేస్తారు. మేడారంలో అమ్మవార్లకు బెల్లం మొక్కు చెల్లించే మనకు ఆ భక్తి వేరే ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇక మీవారి సంగతి. దయచేసి ఆయన్ని అంచు దాకా తీసుకుపోవద్దు. ఆస్తమా ఉన్నవాళ్లకు సల్ఫర్ డయాక్సైడ్ కొన్ని నిమిషాల్లోనే ఊపిరి బిగబట్టేస్తుంది, మామూలు మాస్కు, కండువా బూడిదను ఆపుతాయే గానీ గ్యాస్‌ను ఆపవు. డాక్టర్‌ను అడిగి, ఇన్‌హేలర్ జేబులో పెట్టుకుని, ఆయన పెనంజకన్ వ్యూపాయింట్ దగ్గర ఉంటే సరిపోతుంది. సూర్యోదయం వేళ బ్రోమో, దాని వెనక పొగలు కక్కే సెమెరు అగ్నిపర్వతం రెండూ అక్కడి నుంచే బాగా కనిపిస్తాయి. అక్కడ ప్రమాద హెచ్చరికలు నాలుగు స్థాయిల్లో ఇస్తారు, బయల్దేరే ముందు రోజు మీ అబ్బాయిని చూడమనండి, స్థాయి పెరిగితే బిలం దగ్గరికి ఎవరినీ పోనివ్వరు. పైన గాలి మీ వైపు తిరిగి కళ్లు మండితే, గొంతు పట్టేస్తే, ఫొటో మధ్యలో ఉన్నా సరే మెట్లు దిగేయండి.