గదిలో నా లెక్కలు, మా అమ్మ వత్తులు

"కోవిడ్ రోజుల్లో ఇంట్లోనే ఒక గదిలో వేరుగా ఉన్నవాళ్ళు మతిపోకుండా రోజులు ఎలా గడిపారు? ఇంట్లో పెద్దవాళ్ళని గదిలో ఉండమని ఎలా ఒప్పించారు?" అని అడిగారు. మొదటిదానికి నా దగ్గర సగం జవాబే ఉంది. రెండోదానికి మా అమ్మ చెప్పిన జవాబుంది, దాని దగ్గరికి మెల్లగా వస్తాను.

మాది గుంటూరు. బ్రాడీపేటలో మేడ మీద అద్దె వాటా, కింద ఓనర్లు. నేను మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో లెక్కలు రాస్తాను. ఇంట్లో మా ఆవిడ, అప్పటికి మూడో తరగతి చదివే పాప, అరవై ఎనిమిదేళ్ళ మా అమ్మ. అమ్మకి షుగర్. 2021 మే 8, శనివారం సాయంత్రం నాకు ఒళ్ళు నొప్పులు మొదలయ్యాయి. రెండో వేవ్ పీక్‌లో ఉంది. అంతకు మూడు రోజుల ముందే రాష్ట్రమంతా మధ్యాహ్నం 12 నుంచి మర్నాడు పొద్దున 6 దాకా కర్ఫ్యూ పెట్టారు. మేలో ఎలాగూ యార్డుకి వేసవి సెలవులు, కాబట్టి డ్యూటీ బెంగ లేదు. మా ముందు గదికి వరండాలోకి వేరే తలుపుంది, వరండా చివర బాత్రూం ఉంది. ఆ రాత్రే చాప, దిండు, ఫోన్ చార్జర్ పట్టుకుని అందులోకి మారిపోయాను. టెస్టు సోమవారం ఇచ్చాను, రిపోర్టు గురువారం వచ్చింది. రిపోర్టు వచ్చాక చూద్దాంలే అని ఆ అయిదు రోజులూ ఇల్లంతా తిరిగినవాళ్ళు మా వీధిలోనే ఉన్నారు.

నేనొక తప్పు చేశాను, ముందే చెప్తున్నా. పది రోజుల లెక్క రిపోర్టు వచ్చిన రోజు నుంచి మొదలుపెట్టాను. జ్వరం, ఒళ్ళు నొప్పులు ఏ రోజు మొదలైతే అక్కణ్ణుంచి లెక్కపెట్టాలి, పైగా చివరి మూడు రోజులూ జ్వరం ఉండకూడదు. అప్పటి నిబంధన అదే. లెక్కలు రాసేవాణ్ణే తేదీ తప్పు వేస్తే ఇంక ఎవరికి చెప్పుకోను? ఫోన్లో డాక్టరుగారు దిద్దారు. ఇప్పుడు రోజుల సంఖ్య మారింది కాబట్టి మీ డాక్టరు చెప్పింది వినండి. ఎక్కణ్ణుంచి లెక్కపెట్టాలో మాత్రం అడిగి తెలుసుకోండి.

గదిలోకి వెళ్ళగానే ఒక కాగితం తీసి గళ్ళు గీశాను. పొద్దున ప్రాణాయామం, పది నుంచి పన్నెండు దాకా ఫోన్లో ఎక్సెల్ నేర్చుకోవడం, మధ్యాహ్నం అటక మీదున్న భారతం. గీతలు కొట్టుకోవడం మా లెక్కలవాళ్ళకి సరదా కదా. రెండో రోజుకి జ్వరం 101. అక్షరాలు ఈదుతున్నాయి. మూడో రోజు ఆ కాగితంతోనే విసురుకున్నాను. మీరు కూడా ఏదో సెలవులు దొరికాయన్నట్టు ప్లాన్ వేస్తుంటే దయచేసి మానేయండి. అది ఎగిరిపోయినప్పుడు జ్వరం కంటే నీరసం ఎక్కువ వస్తుంది. ప్లాన్ పోయాక మిగిలేది ఫోన్. ఆ రోజుల్లో ఫోన్లో ఏముందో గుర్తుందిగా? ఆక్సిజన్ బెడ్ ఎక్కడ దొరుకుతుంది, సిలిండర్ ఎవరిస్తారు, ఫలానావారు ఇక లేరు అని దండ వేసిన ఫొటో. మా టెన్త్ బ్యాచ్ గ్రూపులో ఒకే రోజు రెండు ఫొటోలు. అర్ధరాత్రి రెండింటికి వాటిని మళ్ళీ మళ్ళీ చూస్తూ పడుకున్నాను. నాలుగో రోజు పాపతో ఆ గ్రూపులన్నీ తీయించేశాను. నేను అద్దంలోంచి ఫోన్ చూపిస్తుంటే అది కిటికీ అవతల నిలబడి ఎక్కడ నొక్కాలో చెప్పింది.

దానివల్లే ఇంకొక మేలు జరిగింది. మా ఆవిడ పదినిమిషాలకోసారి తలుపవతల నుంచి "ఎలా ఉంది? నీళ్ళు తాగారా? దగ్గు వినిపించింది, ఏంటి?" అని అడిగేది. నాకు విసుగు, ఆవిడకి భయం. నేను విసుక్కుంటే ఆవిడ ఏడుపు. పాప తన పలక, బలపం తెచ్చి ముక్కాలిపీట మీద పెట్టి, "నాన్నా, అన్నీ దీని మీద రాసి కిటికీకి పెట్టు" అంది. అంతే. పొద్దున ఆరు, పది, సాయంత్రం నాలుగు, రాత్రి తొమ్మిది. జ్వరం ఎంత, ఆక్సిజన్ ఎంత, తిన్నానా లేదా, ఏం కావాలి. పలక కిటికీకి ఆనించగానే ఇంట్లో చప్పుడు తగ్గిపోయేది. గదిలో ఉన్నవాడికి తన ఒంట్లో ఏం జరుగుతోందో తెలుస్తుంది. బయటున్నవాళ్ళకి తలుపు తప్ప ఏమీ కనపడదు, వాళ్ళు ఆ తలుపుని చూస్తూ రకరకాలుగా ఊహించుకుంటారు. పలక పెట్టాక ఆవిడ ప్రశ్నలు పోయి, రాత్రిళ్ళు తలుపుకి ఆ పక్కా ఈ పక్కా కూర్చుని మామూలు కబుర్లు చెప్పుకున్నాం. పెళ్ళయిన కొత్తలో కూడా అంతసేపు మాట్లాడుకోలేదేమో.

ఆ అంకెల గురించి రెండు ముక్కలు. వేలికి తగిలించే ఆక్సీమీటర్లో ఆక్సిజన్ 94 కంటే తగ్గితే వెంటనే డాక్టరుకి చెప్పాలి. కూర్చుని చూసుకున్నాక గదిలోనే ఆరు నిమిషాలు నడిచి మళ్ళీ చూసుకోమన్నారు. మూడు పాయింట్లో అంతకంటే ఎక్కువో పడిపోతే అదీ చెప్పాల్సిందే. జబ్బు ముదిరేది తరచుగా రెండో వారం మొదట్లోనే, కాబట్టి అయిదో రోజు జ్వరం తగ్గిందని పలక మానేయకండి. నాకు ఏడో రోజు 93 చూపించింది. డాక్టరుగారికి ఫోన్ చేస్తే బోర్లా పడుకోమన్నారు, గంట తర్వాత కూడా పెరగకపోతే పెద్దాసుపత్రికి బయల్దేరమన్నారు. దిండు పొట్ట కింద పెట్టుకుని ఆ గంటా గోడ గడియారం చూశాను. 95కి వచ్చింది. ఇంకోరోజు మా ఆవిడ తనకి చూసుకుంటే 89. ఇంట్లో ఏడుపులు. తీరా చూస్తే వేలికి ముదురు రంగు నెయిల్ పాలిష్. వేలు మారిస్తే, అదీ పాలిష్ గీకేశాక, 98.

చుట్టాల ఫోన్లు వేరే కథ. కషాయాలు సరే, చేదుగా ఉన్నా హాని తక్కువ. ఒకాయన మాత్రం స్టెరాయిడ్ మాత్రల పేరు పంపి, తను వేసుకున్నానని, నన్నూ ముందే మొదలుపెట్టమని పట్టుబట్టాడు. అవి ఆక్సిజన్ పెట్టాల్సి వచ్చినవాళ్ళకి మేలు చేస్తాయని, మామూలుగా ఊపిరి ఆడేవాళ్ళకి లాభం లేదని 2020లోనే ట్రయల్స్‌లో తేలింది. పైగా షుగర్ పెంచుతాయి. స్టెరాయిడ్లు, షుగర్ కలిసినచోట ఎక్కువగా వచ్చే బ్లాక్ ఫంగస్ అంటూ ఆ మే నెలలోనే కదా అంతా హడలిపోయింది. ఆవిరి పట్టడం మీదా నాకంత నమ్మకం లేదు. దానికి వైరస్ చావదు. నాకు మాత్రం గిన్నె ఒలికి తొడ కాలింది. పలక మీద ఆ సంగతి రాయలేదు.

ఎండ సంగతి చెప్పకపోతే గుంటూరువాణ్ణి కాను. రోహిణి కార్తె ఇంకా రాలేదు, అయినా మధ్యాహ్నం మూడింటికి మేడ మీది గది పొయ్యిలా ఉండేది. కిటికీలు మూసేసి పడుకుందామనిపిస్తుంది. మూయొద్దు. మొదట్లో మేం పాల ప్యాకెట్లు కడగడం, గడియ తుడవడం లాంటివాటికి ప్రాణం పెట్టాం గానీ, ఈ జబ్బు ఎక్కువగా గాలిలోంచే అంటుకుంటుంది. తడిపిన దుప్పటి కిటికీకి సగం దాకా కట్టి, టేబుల్ ఫ్యాన్ వరండా వైపు తిప్పి పెట్టాను, గదిలో గాలి బయటికి పోయేట్టు. మజ్జిగ, ఉప్పేసిన రాగిజావ, రాత్రి మిరియాల చారు. స్టీలు గిన్నెలో పెట్టి ముక్కాలిపీట మీద ఉంచి ఆవిడ వెళ్ళిపోయేది, నేను తలుపు తీసి తీసుకునేవాణ్ణి. నా కంచం నేనే కడుక్కున్నాను. వాడిన మాస్కులు కత్తిరించి కాగితం సంచిలో మూడు రోజులుంచి చెత్తలో వేశాం.

అయిదో రోజున అమ్మ హాల్లో ఆవకాయ కలిపింది. ముక్కలు కొట్టించి తెచ్చినవి ఆగవు కదా, ఇంట్లో ఎవరికి ఏ రోగమొచ్చినా. కారం జల్లిస్తుంటే నాకు గొంతు పట్టేసి వరసగా తుమ్ములు. తుమ్ములు ఆగాక తెలిసింది, వాసన లేదు. పప్పునూనె లేదు, ముక్కల పులుపు లేదు, వెల్లుల్లి లేదు. ఘాటు ఉంది, వాసన లేదు. పాతికేళ్ళుగా యార్డులో టిక్కీల (మిర్చి బస్తాల) మధ్య తిరుగుతున్నాను, ఈ రెండూ వేరువేరని నాకు అప్పటిదాకా తెలీదు. తర్వాత డాక్టరుగారు చెప్పారు, వాసన పట్టే నాడి వేరు, కారం మంటని పట్టే నాడి వేరు అని. వైరస్ మొదటిదాన్ని మూసేసింది, రెండోదాని జోలికి పోలేదు. ఏం తిన్నా తడిపిన అట్టముక్క తిన్నట్టుండేది, అందుకని అన్నంలో కారప్పొడి పోసుకుని తిన్నాను. కడుపులో మంట వచ్చింది. అది చేయకండి. రోజుకి రెండుసార్లు లవంగం, నిమ్మతొక్క, కాఫీ పొడి, ఇంగువ ఒక్కోటీ కాసేపు ముక్కు దగ్గర పెట్టుకుని వాటి వాసన గుర్తుచేసుకోవడం మంచిదట. నిమ్మ మూడు వారాలకి వచ్చింది. కాఫీ మాత్రం వర్షాకాలం దాకా మాడిన గుడ్డలా ఉంది.

ఓనరు పిన్నిగారు రిపోర్టు రాగానే ఫోన్ చేసి, పది రోజులు మెట్లు దిగొద్దన్నారు. మర్నాడు ప్రతి మెట్టు మీదా బ్లీచింగ్ పౌడరుతో అడ్డగీత. పాప దాన్ని తొక్కుడుబిళ్ళ గీత అనుకుంది. ఎదురింటివాళ్ళు మాత్రం ఏమీ అనకుండా రోజూ గేటుకి రెండు కొబ్బరిబొండాలు కట్టి వెళ్ళేవాళ్ళు.

ఇక అమ్మ. 14వ తేదీన అమ్మకి జ్వరం వచ్చింది. టెస్టు పాజిటివ్. నా వల్లేనన్నది తెలుస్తూనే ఉంది, దాని గురించి ఇక్కడ రాయను. అమ్మని గదిలో ఉండమని ఎలా చెప్పాలా అని మా ఆవిడా నేనూ ఫోన్లో మాటలు కూడబలుక్కున్నాం. ఇంతలో అమ్మే తన చాప చుట్టుకుని, కంచం, చెంబు, షుగర్ మిషను, ఒక సంచీ పట్టుకుని నా గదిలోకి వచ్చేసింది. ఇద్దరికీ ఉన్నదే కాబట్టి ఒకే గదిలో ఉండొచ్చన్నారు డాక్టరుగారు. నేనేదో జాగ్రత్తలు చెప్పబోతే, "నెలకి మూడు రోజుల లెక్కన ముప్పై ఏళ్ళు మూల కూర్చున్నదాన్ని. నువ్వు నాకు నేర్పుతావేంట్రా?" అంది. నోరు మూసుకుని మనసులో లెక్కేశాను. కాన్పులు తీసేసినా వెయ్యి రోజులు. నేను ఆరు రోజులకే గోడలెక్కాను.

"అప్పుడు ఏం చేసేదానివే?" అన్నాను.

"ఊరికే కూర్చుంటే ఏడుపొస్తుంది. పాత చీరలతో బొంతలు కుట్టేదాన్ని. పత్తి ఇచ్చేవాళ్ళు కాదు, దేవుడి పనని."

సంచీలో తెచ్చుకుంది పత్తే. జ్వరం తగ్గిన మూడో రోజు నుంచి కార్తీకానికి వత్తులు చేయడం మొదలుపెట్టింది, 365 వత్తుల కట్టలు. నన్ను లెక్కపెట్టమంది. చేయడం నాకు రాదు, వేళ్ళ మధ్య పత్తి పీచులైపోతుంది. లెక్క వచ్చు కదా. యాభై అవగానే గీత, ఏడు గీతలకి పైన పదిహేను, ఒక కట్ట. మధ్యాహ్నం మూడు నుంచి అయిదు, నాకు అన్నిటికంటే కష్టమైన వేళ, ఆ గీతల్లోనే పోయింది. ఎక్సెల్‌కి బుర్ర కావాలి, భారతానికి కళ్ళు కావాలి, దీనికి వేళ్ళు చాలు. మధ్యలో నిద్ర వస్తే పోవచ్చు, లేచి మళ్ళీ అక్కణ్ణుంచే. పలక మీద అమ్మ వరస కూడా చేరింది: జ్వరం, ఆక్సిజన్, షుగర్, వత్తులు. మా ఆవిడ పలక చూసి ముందు వత్తుల అంకె అడిగేది. అది తగ్గిన రోజు అమ్మకి నీరసంగా ఉందని, చెప్పకుండానే తెలిసిపోయేది.

మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఉండనంటే, ఉండమని వాదించకండి. ఇదివరకు ఎప్పుడైనా విడిగా ఉన్నారేమో, అప్పుడేం చేశారో అడగండి. ఏదో ఒకటి చెప్తారు. చేతులకి ఆ పని దొరికేట్టు చూడండి, గదిలోంచి వెంటనే బయటికి ఇవ్వక్కర్లేనిదైతే మంచిది. మగవాళ్ళయితే ఏం చేస్తారో నాకు అంతగా తెలీదు. నా మటుకు నాకు పక్కవాళ్ళ పని లెక్కపెట్టడం సరిపోయింది.

నా గడువు 18నే తీరిపోయినా అమ్మ కోసం అందులోనే ఉన్నాను. 24న ఇద్దరం బయటికొచ్చాం. అప్పటికి తొమ్మిది కట్టలు. నవంబరులో కార్తీక పౌర్ణమికి అమ్మ ఒకటి ఉంచుకుని, ఎదురింటికి రెండు ఇచ్చి, మిగిలినవి వీధిలో పంచింది. కింద పిన్నిగారికి కూడా ఒకటి పట్టుకెళ్ళింది. ఆవిడ కట్టని అటూ ఇటూ తిప్పి చూసి, "మూడొందల అరవై అయిదూ ఉన్నాయా అక్కయ్యా?" అందట.

"లెక్కపెట్టింది మావాడే" అంది అమ్మ.