వెళ్లిపోయినవారి లెక్క

చిరంజీవి అమ్మాయికి, పెదనాన్న ఆశీస్సులు.

కంపెనీలో డేటా విభాగం బాధ్యత నీకు అప్పగించారని మీ నాన్న చెప్పినప్పటి నుంచి మనసుకు గర్వంగానూ ఉంది, గుబులుగానూ ఉంది. డేటాను ఆస్తిగా మలచాలని మీ యాజమాన్యం అంటోందట. ఏ నిర్ణయం కోసం అది కావాలో తేల్చుకోనంతకాలం అది ఆస్తి కాదు, నిల్వ ఖర్చు. ప్రతి పట్టికకూ ఒక బాధ్యుణ్ణి నియమించు. ‘కస్టమర్’ అంటే ఎవరో సేల్స్‌వారూ అకౌంట్స్‌వారూ ఒకే మాట చెప్పేలా చూడు. 1999లో నాసా మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అనే అంగారక వ్యోమనౌకను పోగొట్టుకున్నది, ఒక బృందం పౌండ్ల కొలతలో ఇచ్చిన అంకెలను మరో బృందం న్యూటన్ల కొలతగా తీసుకోవడం వల్లనే.

ఇవన్నీ నీకు తెలిసినవే. నేను ఈ ఉత్తరం రాస్తున్నది మరో సంగతి కోసం.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా చందాదారుల ఫైలు ఎంతగా బరువెక్కిందంటే, ఒక రిపోర్టు తీయడానికి రాత్రంతా పట్టేది. మానేసినవారి రికార్డులు మనకెందుకు, తుడిచేద్దామన్న సలహా నాదే. తుడిచేశాం. రిపోర్టు గంటలో వచ్చింది, నన్ను మెచ్చుకున్నారు కూడా. రెండేళ్ల తర్వాత చందాదారులు వరసగా జారిపోతుంటే కారణం కనిపెట్టే పని నాకే ఇచ్చారు. నా దగ్గర ఉన్నదల్లా మిగిలినవారి వివరాలే. వారిలో ఎక్కువమంది ఏడాది చందా ఒకేసారి కట్టినవారని తేలింది. ఏడాదికి కట్టించుకుంటే నిలబడతారని నివేదిక రాసిచ్చాను, అందరినీ ఆ పథకంలోకి మళ్లించారు. గడువు తీరీ తీరకముందే సగానికి సగం వెళ్లిపోయారు. గడువు మిగిలి ఉండటం వల్లే వారు ఫైలులో ఉన్నారు తప్ప ఇష్టపడి కాదన్న సంగతిని, వెళ్లిపోయినవారి రికార్డులుంటే మొదటిరోజే పట్టుకునేవాణ్ణి. ఎక్కడో పాత బ్యాకప్ ఒకటి దొరికితే ఆశగా తెరిచాను. మానేయడానికి కారణం రాయాల్సిన గడి ఖాళీగా ఉంటే తెర ముందుకు కదిలేది కాదు గనుక, మా సిబ్బంది దాంట్లో ఒక చుక్క పెట్టి కదిలించేవారు. పేజీల కొద్దీ చుక్కలే. రెండో ప్రపంచ యుద్ధకాలంలో విమానాలకు కవచం ఎక్కడ వేయాలన్న ప్రశ్న వచ్చినప్పుడు, గణాంకవేత్త అబ్రహం వాల్డ్ తిరిగిరాని విమానాలను కూడా లెక్కలోకి తీసుకున్నాడని ఆ తర్వాతెప్పుడో చదివి సిగ్గుపడ్డాను.

కాబట్టి తల్లీ, పాత రికార్డు మీద కొత్తది రాయనివ్వకు. ధర మారినా, పథకం మారినా తేదీ వేసి కొత్త వరుస చేర్పించు. అలాగని అన్నీ పోగుచేయమనడం లేదు. వెళ్లిపోయినవారి పేర్లూ ఫోన్ నంబర్లూ మనిషిని పట్టించే ఇతర ఆనవాళ్లూ తీసేయించు. ఎప్పుడు చేరారు, ఏం వాడారు, ఎప్పుడు, ఎందుకు మానేశారు అన్నంతవరకే ఉంచుకో. పోయినసారి నీ ల్యాప్‌టాప్‌లో ‘ఫైనల్’, ‘కొత్త ఫైనల్’, ‘అసలు ఫైనల్’ అని, ఏది ఎప్పటిదో తెలియని మూడు ఫైళ్లు చూసి కేకలేశాను, నువ్వు చిన్నబుచ్చుకున్నావు. నా భయం ఎక్కడిదో ఇప్పుడైనా అర్థమై ఉంటుంది.

మొదటి వారం డ్యాష్‌బోర్డుల జోలికి పోకు. ఆ గడులు నింపేవారి పక్కన కూర్చుని, కారణం అడిగి రాయడానికి వారికి ఎన్ని క్షణాలు దొరుకుతున్నాయో చూసి నాకు రాయి.

నీ పెదనాన్న