నిషాపూర్ గిన్నెకి ఒక్క పగులు కూడా లేదట, కొనొచ్చా?

పదో శతాబ్దపు ఇరాన్ గిన్నె, చెక్కుచెదరకుండా ఉందని డీలర్ చెప్పాడన్నారు. ఆ మాట వినే నేనైతే ఆగుతాను. వెయ్యేళ్లు మట్టిలో ఉన్న గిన్నె ముక్కలుగా దొరకడమే మామూలు. ఒక్క గీతా కనపడట్లేదంటే ఎవరో బాగా కప్పేశారేమో అన్న అనుమానం రావాలి.

లండన్‌లో ఉండగా నేనూ ఇలాంటిదే కొన్నాను. జానెడు వెడల్పు, తెల్లటి పూత మీద నల్లటి కూఫీ అక్షరాలు, అంటే పాతకాలపు అరబిక్ లిపి. చూడగానే మనసు పారేసుకున్నాను. ఇంటికొచ్చి అంచు చుట్టూ గోటితో కొడుతూ పోతే ఒకచోట ఖంగుమంది, నాలుగు వేళ్ల అవతల అట్టపెట్టె మీద కొట్టినట్టు టప్పుమంది. కొత్త రంగుల్ని కరిగించే అసిటోన్‌లో దూది ముంచి అక్కడ అద్దాను. అసలు గ్లేజు, అంటే గిన్నె మీది మెరిసే పూత, గాజే కాబట్టి దానికేం కాదు. కానీ దూదికి నలుపు అంటుకుంది, సగం అక్షరం చెరిగిపోయింది, కింద ప్లాస్టర్! మిగతా ముక్కలైనా ఒకే గిన్నెవి కావు. ఒకదాని మట్టి ఎర్రగా, పక్కదాని మట్టి పాలిపోయి ఉంది. డీలర్‌ని అడిగితే "పాత రిపేరు" అన్నాడు. డబ్బు మాత్రం వెనక్కి రాలేదు.

అందుకే ముందు గిన్నె అడుగు ఫోటో అడగండి. గ్లేజు తగలనిచోట అసలు మట్టి కనిపిస్తుంది. లోపల మూడు చిన్న మచ్చలున్నాయేమో చూడండి. బట్టీలో గిన్నె మీద గిన్నె పెట్టేటప్పుడు మధ్యలో ఉంచే మూడుకాళ్ల పీట గుర్తులవి. అన్నిటికీ ఉండాలని లేదు, నకిలీ చేసేవాళ్లకీ ఈ సంగతి తెలుసు.

ఇరాన్‌లోనే ఇంకో ఊరు కాషాన్, అక్కడి సరుకని చెప్పి ఎర్రమట్టి గిన్నె చూపిస్తే మాత్రం నమ్మకండి. అక్కడి కుమ్మరుల కుటుంబంలో పుట్టిన అబుల్ ఖాసిం 1301లో రాసిన ముద్ద పాళ్లు వేరు: పది వంతులు క్వార్ట్జ్ పొడి, ఒక వంతు గాజు పొడి, ఒక వంతు తెల్లమట్టి. విరిగినచోట పంచదార దిమ్మలా తెల్లగా, గరుగ్గా ఉంటుంది. ఇంద్రధనుస్సు మెరుపు చూసి లస్టర్ అనుకోకండి. లస్టర్ అంటే వెండి, రాగి కలిపిన రంగుతో గ్లేజు మీద బొమ్మ వేసి రెండోసారి కాల్చేది. ఇంద్రధనుస్సు మెరుపేమో మట్టిలో నాని గ్లేజు పాడైతే వచ్చేది.

థెర్మోల్యూమినిసెన్స్ (కాల్చిన మట్టి వయసు చెప్పే పరీక్ష) సర్టిఫికెట్ ఉందని మురిసిపోవద్దు. పరీక్షకి గీకిన ముక్క వయసే అది చెప్తుంది, పక్క ముక్కది కాదు. అంతకంటే ఆ గిన్నె ఇరాన్ నుంచి ఎప్పుడు, ఎలా బయటికొచ్చిందో చెప్పే పాత కాగితాలు అడగండి.

ఇప్పుడు నా దగ్గరున్నది అరచేతంత పెంకు ఒక్కటే, విరిగిందని చెప్పే అమ్మారు. మీకు అడుగు ఫోటో వస్తే పంపండి, చూస్తాను.