నెలాఖరులోగా నాలుగున్నర లక్షలు కట్టమంటున్నారు... అప్పు చేయమంటారా?

ప్రశ్న: నాకు 29 ఏళ్లు, మావారికి 32. పెళ్లై నాలుగేళ్లు. నాకు పీసీఓఎస్ (అండాశయాలకు సంబంధించిన హార్మోన్ల సమస్య), థైరాయిడ్ రెండూ ఉన్నాయి. నెలసరి ఒక్కోసారి రెండు నెలలకు కూడా రాదు. రెండేళ్లుగా పిల్లల కోసం చూస్తున్నాం. అండం విడుదల కావడానికి రెండు నెలలు మాత్రలు వాడాను, ఫలితం లేదు. ఈమధ్య ఒక ఫెర్టిలిటీ సెంటర్‌కి వెళ్తే మూడు ఐవీఎఫ్ (టెస్ట్‌ట్యూబ్ పద్ధతి) సైకిళ్లకు, అంటే మూడు విడతలకు, ప్యాకేజీ నాలుగున్నర లక్షలు, ఇంజెక్షన్లు వేరు, ఈ నెలాఖరులోగా కడితేనే ఆ రేటు అన్నారు. ఇద్దరం హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగులం. నాకు 42 వేలు, మావారికి 46 వేలు చేతికి వస్తాయి. అద్దె 17, చిట్టీ 10, ఎస్‌ఐపీ 5, కారు ఈఎంఐ ఆరున్నర, అత్తమామలకు 8, ఇంటి ఖర్చులు 22 వేలు. ఎఫ్‌డీ 2.8 లక్షలు, ఫండ్లలో 1.9 లక్షలు, 12 తులాల బంగారం ఉన్నాయి. 5 లక్షల చిట్టీ, 50 నెలలది, 22 నెలలు కట్టాం. బ్యాంకు 6 లక్షల పర్సనల్ లోన్ ఇస్తానంటోంది. నల్గొండలో ఉన్న ప్లాటు అమ్మి ఇస్తానని నాన్న అంటున్నారు. టెన్షన్ తగ్గుతుందని ఉద్యోగం మానేయమని అత్తయ్య అంటున్నారు. ఏం చేయమంటారు?
- పేరు వద్దన్న ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ పరీక్షలు, మీ మాత్రలు, మీ నెలసరి అన్నీ రాశారు. మీవారి పరీక్ష గురించి ఒక్క మాట లేదు. చేయించి ఉంటే సరే. చేయించకపోతే మాత్రం మొదట పెట్టాల్సిన ఖర్చు అదే. వీర్య పరీక్షకు మామూలు ల్యాబ్‌లో వెయ్యి, పదిహేను వందలు దాటదు. నాలుగున్నర లక్షల నిర్ణయం ఆ కాగితం లేకుండా తీసుకోకూడదు. సమస్య ఆడవాళ్ల హార్మోన్లలో ఉందని తేలగానే రెండో వైపు ఎవరూ చూడరు. ఇది నేను చాలా ఇళ్లలో చూశాను.

నేను డాక్టర్ని కాదు, డబ్బు లెక్కలు చూసేవాణ్ని. ఏ చికిత్స ఎప్పుడు అన్నది నేను చెప్పను. కానీ పీసీఓఎస్‌లో ఖర్చు మెట్లు మెట్లుగా ఉంటుంది, ఆ మెట్లు తెలుసుకోవడం డబ్బు పనే. కింది మెట్టు మందులు. థైరాయిడ్ మాత్ర నెలకు వంద రూపాయలు కూడా కాదు. అండం విడుదలకు ఇచ్చే లెట్రోజోల్ కోర్సు కొన్ని వందల్లో అయిపోతుంది. అసలు ఖర్చు అండం ఎదుగుదల చూసే ఫాలిక్యులర్ స్కాన్లకు. నెలకు మూడు నాలుగు స్కాన్లు, డాక్టర్ ఫీజు కలుపుకుని నాలుగైదు వేలు. దాని పైమెట్టు ఐయూఐ, అంటే వీర్యాన్ని నేరుగా గర్భాశయంలోకి పంపడం, ఒక్కోసారికి పది నుంచి ఇరవై వేలు. ఆపైన ఐవీఎఫ్, మందులతో కలిపి సైకిల్‌కు లక్షన్నర నుంచి రెండున్నర లక్షలు. మీరు మొదటి మెట్టు మీద రెండు నెలలు ఉన్నారు. ప్యాకేజీ వాళ్లు మిమ్మల్ని నేరుగా మేడ మీదికి రమ్మంటున్నారు. ఆ తొందరకు వైద్య కారణం ఉందా, నెలాఖరు టార్గెట్ కారణమా అన్నది వేరే ఆసుపత్రిలో ఇంకో గైనకాలజిస్టుకు ఫైల్ చూపిస్తే తెలుస్తుంది. వెయ్యి రూపాయల ఫీజు. అండం ప్రయాణించే ట్యూబులు మూసుకుపోయాయనో, మీవారి రిపోర్ట్‌లో సమస్య ఉందనో తేలితే లెక్క మారుతుంది. మీకు 37 ఏళ్లుంటే కూడా నేను ఇలా మాట్లాడేవాడిని కాదు. 29 ఏళ్లకు ఆరు నెలలు ఆగి ఆలోచించే వీలుంది.

బరువు ఎక్కువగా ఉంటే ఐదు శాతం తగ్గినా కొందరిలో నెలసరి దారికొస్తుందని డాక్టర్లు చెబుతారు. ఈ మాట వినీ వినీ విసిగిపోయి ఉంటారు, నేను మళ్లీ సాగదీయను. వాకింగ్‌కి ఈఎంఐ లేదు, అంతే.

ఇక ఆ ప్యాకేజీ. నాలుగున్నర లక్షలను మూడుతో భాగిస్తే సైకిల్ లక్షన్నర, చౌకే కదా అనిపిస్తుంది. పీసీఓఎస్ ఉన్నవాళ్లకు ఇంజెక్షన్లు ఇస్తే అండాలు ఎక్కువగా తయారై, అండాశయాలు ఉబ్బి కడుపులో నీరు చేరే ప్రమాదం మిగతావాళ్ల కంటే ఎక్కువ. అందుకే చాలాసార్లు డాక్టర్లు ఆ నెల పిండాన్ని గర్భంలో పెట్టరు. అన్నీ ఫ్రీజ్ చేసి, ఒకటి రెండు నెలలాగి పెడతారు. వైద్యపరంగా అది మంచి జాగ్రత్తే. కానీ ఆ ఫ్రోజెన్ ట్రాన్స్‌ఫర్‌కు చాలాచోట్ల 40 నుంచి 80 వేలు వేరే బిల్లు. పిండాలు దాచినందుకు ఏడాదికోసారి అద్దె లాంటి ఫీజు ఇంకోటి. మీ విషయంలో ఇది 'ఉంటే ఉండొచ్చు' అనే ఖర్చు కాదు, దాదాపు ఖాయమనుకుని లెక్క వేసుకోవాలి. ఇంకోటి చూడండి. మొదటి సైకిల్‌లోనే నాలుగైదు పిండాలు దాచగలిగితే, మొదటిసారి నిలవకపోయినా మళ్లీ ఇంజెక్షన్ల నుంచి మొదలుపెట్టక్కర్లేదు, ట్రాన్స్‌ఫర్ ఖర్చుతో రెండో ప్రయత్నం అవుతుంది. అప్పుడు ముందే డబ్బు కట్టిన రెండో సైకిల్, మూడో సైకిల్ ఏమవుతాయి? తిరిగి ఇస్తారా? నా క్లయింట్ ఒకామె ఇలాగే మూడింటికీ కట్టి, మొదటిది మొదలుకాకముందే మాత్రలతోనే గర్భం దాల్చింది. సంతోషమే, కానీ కట్టిన డబ్బులో సగం కూడా వెనక్కి రాలేదు. సంతకం పెట్టిన కాగితంలో చిన్న అక్షరాల్లో అదే రాసి ఉంది.

6 లక్షల లోన్ సంగతి. 14 శాతం వడ్డీకి నాలుగేళ్లకు తీసుకుంటే నెలకు 16,400 దాకా ఈఎంఐ, మొత్తం మీద వడ్డీయే లక్షా ఎనభై ఏడు వేలు. మీరు రాసిన ఖర్చులన్నీ పోగా కాగితం మీద 19,500 మిగులుతుంది. అంటే మిగిలేది దాదాపు అంతా బ్యాంకుకే. ఆ తర్వాత బిడ్డ పుడితే డైపర్లకు ఎక్కడి నుంచి తెస్తారు? సెంటర్‌లోనే టేబుల్ వేసుకుని కూర్చుని జీరో వడ్డీ ఈఎంఐ అనేవాళ్లనూ నమ్మకండి. సున్నా వడ్డీ అనేదే లేదని రిజర్వ్ బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పింది. అది ప్రాసెసింగ్ ఫీజులోనో, మీకు రావాల్సిన డిస్కౌంట్‌లోనో దాక్కుంటుంది. 2024 అక్టోబర్ నుంచి ఇలాంటి అప్పులకు అన్ని ఖర్చులూ కలిపిన ఏడాది వడ్డీ రేటు చూపించే పత్రం ఇవ్వాల్సిందే. అడిగి తీసుకోండి, అందులో సున్నా కనిపించదు.

మీ లెక్క నేనైతే ఇలా వేస్తాను. ఎఫ్‌డీలో లక్షన్నర ఎవరు చెప్పినా ముట్టుకోవద్దు, అది ఇంటి అత్యవసర నిధి. మిగతా లక్షా ముప్పై వేలు చికిత్సకు. ఎస్‌ఐపీ ఆరు నెలలు ఆపండి. ఆ 5 వేలు, నెల మిగులులో స్కాన్లకు పోగా ఓ 12 వేలు కలిపి ఆర్‌డీలో వేయండి (కాగితం మీద 19,500 మిగులుతుంది గానీ, ఇంట్లో చిల్లర ఖర్చులు నాకు తెలుసు). ఆరు నెలల్లో లక్షా రెండు వేలు. రెండూ కలిపితే 2.32 లక్షలు. ఈ ఆరు నెలలూ డాక్టర్ సరేనంటే కింది మెట్ల మీదే ప్రయత్నిస్తారు. ఫలిస్తే ఆ డబ్బు కాన్పుకు. ఫలించకపోతే ఒక ఐవీఎఫ్ సైకిల్‌కు చాలావరకు సొంత డబ్బే ఉంటుంది.

దానికి మించి కావలసి వస్తే బంగారం. అమ్మొద్దు, బ్యాంకులో పెట్టండి. మీ బంగారంలో కొంత పెడితేనే 2 లక్షలు దొరుకుతుంది, తొమ్మిదిన్నర శాతమనుకుంటే ఏడాదికి 19 వేల వడ్డీ. చిట్టీని ఇప్పుడే ఎత్తుకోకండి. గత మూడు నెలలుగా మీ గ్రూపులో పాట ఎంతకు పోయిందో పాస్‌బుక్‌లో చూడండి. గ్రూపు సగంలో ఉండగా పాడితే పెద్ద మొత్తమే వదులుకోవాలి, పైగా ఇంకా 28 నెలలు కట్టాలి. 35వ నెల దాటితే ఆ నష్టం బాగా తగ్గుతుంది. ఎత్తుకున్నా డబ్బు మర్నాడు చేతికి రాదు. షూరిటీలు, జీతం సర్టిఫికెట్లు అంటూ నెల తిప్పుతారు. కాబట్టి అవసరానికి రెండు మూడు నెలల ముందే పాట పాడాలి.

నాన్నగారి ప్లాటు సంగతి మొహమాటం లేకుండా చెబుతాను, అమ్మించకండి. ఆయన మీకు ఇచ్చే డబ్బు మీద మీకు పన్ను పడదు, ఆ చిక్కేమీ లేదు. తొందర అమ్మకంలో ధర పోతుంది, అది ఒకటి. సైకిల్ ఫెయిల్ అయిన రోజు 'నాన్న ప్లాటు కూడా పోయింది' అన్న బరువు మీ మీద పడుతుంది, అది రెండోది. ఆ బరువుకు నా దగ్గర లెక్క లేదు.

ఉద్యోగం మాత్రం మానొద్దు. అత్తయ్యగారికి ఈ లెక్క చూపించండి. పదిమంది లేదా అంతకంటే ఎక్కువమంది పనిచేసే సంస్థలో, ప్రసవానికి ముందు ఏడాదిలో కనీసం 80 రోజులు పనిచేసిన వాళ్లకు 26 వారాల జీతంతో సెలవు చట్టబద్ధమైన హక్కు. మీ జీతానికి అది రెండున్నర లక్షలు. కంపెనీ గ్రూప్ ఇన్సూరెన్స్‌లో ప్రసూతి ఖర్చుకు సాధారణంగా వెయిటింగ్ (కవర్ మొదలయ్యేదాకా ఆగాల్సిన కాలం) ఉండదు. ఇప్పుడు మానేస్తే రెండూ పోతాయి. స్కాన్లు నెలలో మూడు నాలుగు పొద్దుటి పూటలే. ఆ రోజుల్లో గంటా రెండు గంటలు ఆలస్యంగా వస్తానని మీ మేనేజర్‌కు చెప్పగలరా చూడండి. కారణం చెప్పక్కర్లేదు.

ఇన్సూరెన్స్ గురించి మీరు అడగలేదు, నేనే చెబుతున్నాను. మామూలు హెల్త్ పాలసీల్లో సంతానలేమి చికిత్స మినహాయింపుల జాబితాలో 17వది, ప్రసూతి 18వది. కొన్ని పాలసీలు ఐవీఎఫ్‌కు పరిమితంగా ఇస్తాయి గానీ రెండు మూడేళ్ల వెయిటింగ్ పెడతాయి. మీ కంపెనీ పాలసీలో ఏమైనా ఉందేమో హెచ్‌ఆర్‌ని అడగండి, బ్రోషర్ కాదు, పాలసీ డాక్యుమెంటే అడగండి. సొంతంగా ఒక ఫ్యామిలీ పాలసీ ఇప్పుడే తీసుకోండి, కానీ పుట్టే బిడ్డ కోసం. కవలలు నెలలు నిండకుండా పుడితే ఎన్‌ఐసీయూ (పసికందుల ఐసీయూ) బిల్లు ఐవీఎఫ్ బిల్లును మించిపోతుంది, అందుకే నవజాత శిశువుకు తొలిరోజు నుంచి కవర్ ఉందా, ఎన్ని నెలల తర్వాత మొదలవుతుందో చూడాలి. పీసీఓఎస్, థైరాయిడ్ ఫారంలో రాయొద్దని ఏజెంట్ అంటాడు. రాయండి. ముందున్న జబ్బులకు వెయిటింగ్ ఇప్పుడు గరిష్ఠంగా మూడేళ్లే. దాచితే క్లెయిమ్ రోజున తెలుస్తుంది.

పన్నులో దీనికి ఊరట ఏమీ లేదు. చికిత్స ఖర్చుకు పన్ను మినహాయింపు ఇచ్చే జబ్బుల జాబితాలో సంతానలేమి లేదు.

సికింద్రాబాద్ గాంధీ ఆసుపత్రిలో 2023లో ప్రభుత్వ ఐవీఎఫ్ కేంద్రం ప్రారంభించారు. ఒక పూట సెలవు పెట్టి వెళ్లి ఏ సేవలు నడుస్తున్నాయో, వరుస ఎంత ఉందో కనుక్కోండి. అక్కడ కుదరకపోయినా, ప్రైవేటులో ఏ సెంటర్‌కి వెళ్లినా ఇలాంటి సెంటర్లను నియంత్రించే 2021 ఏఆర్‌టీ చట్టం కింద రిజిస్ట్రేషన్ నంబరు అడగండి.

పోయిన ఏడాది ఒక జంట నా ఆఫీసుకు చీరల షాపు కవర్ నిండా బిల్లులు తెచ్చారు. నేల మీద పరిచి సర్దితే మూడు లక్షల నలభై వేలు. అందులో అండాల నిల్వ చూసే ఏఎంహెచ్ పరీక్ష మూడు చోట్ల మూడుసార్లు. మొదటిది సరే, పాత రిపోర్ట్ ఇంట్లో మర్చిపోవడం వల్ల ఒకసారి, కొత్త సెంటర్ పాతది ఒప్పుకోకపోవడం వల్ల ఇంకోసారి. మీరు ఇవాళే ఒక ఫైల్ కొనండి. దాని మొదటి పేజీ మీద మీరిద్దరూ కూర్చుని ఒక అంకె రాయండి, మొత్తం ఎంతవరకు వెళ్తారో. నేనైతే 5 లక్షలు అంటాను, మీరు వేరే రాసుకోవచ్చు. అది ఇంజెక్షన్లు మొదలుకాకముందే రాయాలి. మొదలయ్యాక ప్రతి ఫోనూ 'ఇంకొక్కసారి' అన్నట్టే వినిపిస్తుంది.

ఆ సెంటర్ నుంచి నెలాఖరులో మళ్లీ ఫోన్ వస్తే, మందులు, ఫ్రీజింగ్, ఫ్రోజెన్ ట్రాన్స్‌ఫర్, రీఫండ్ అన్నీ వివరంగా రాసి మెయిల్ చేయమనండి. మీవారి రిపోర్ట్, రెండో డాక్టర్ మాట, ఆ మెయిల్ మూడూ వచ్చాక నాకు రాయండి, లెక్క మళ్లీ వేద్దాం.