లైన్ నీళ్లలో మురుగు: శాంపిల్ ఎక్కడ పట్టాలి, కేసు ఎక్కడ వేయాలి?

సందేహం: మేం అద్దె ఇంట్లో ఉంటున్నాం. నాలుగు నెలలుగా కుళాయి నీళ్లు వదిలిన మొదటి పది నిమిషాలు పచ్చగా, డ్రైనేజీ వాసనతో వస్తున్నాయి. మూడుసార్లు ఫిర్యాదు చేశాం. ఒకసారి లైన్‌మన్ వచ్చి టీడీఎస్ మీటర్ ముంచి, ‘నూట తొంభై చూపిస్తోంది, మంచి నీళ్లే, మీ సంపు కడిగించుకోండి’ అని వెళ్లిపోయాడు. తర్వాత మా పదకొండేళ్ల బాబుకు పచ్చకామెర్లు వచ్చాయి. ఆరు రోజులు ఆసుపత్రిలో ఉంచాం, 52 వేలు ఖర్చయింది. వంటింటి కుళాయి నీళ్లు ప్రైవేటు ల్యాబ్‌లో పరీక్ష చేయిస్తే ఈ-కొలి (మలంలో ఉండే బ్యాక్టీరియా) ఉందని తేలింది. ఆ రిపోర్టు చెల్లదని నీటి సరఫరా ఆఫీసులో అన్నారు. కనెక్షన్ ఇంటి ఓనర్ పేరున ఉంది. ప్రెషర్ చాలక లైన్‌కు చిన్న మోటారు పెట్టుకున్నాం. మేం కేసు వేయొచ్చా? నష్టపరిహారం వస్తుందా?
(పేరు, ఊరు రాయవద్దన్న పాఠకురాలు)

జవాబు: కేసు వేయొచ్చు. కానీ మీరు ఉత్తరం చివర్లో, అదేదో చిన్న సంగతన్నట్టు రాసిన మోటారు దగ్గరే ముందు ఆగాలి. ఈ ఉత్తరం అవతలి లాయర్ చేతిలో పడితే, అతను ఎర్ర సిరాతో గీత గీసేది ఆ ఒక్క వాక్యం కిందే.

మన ఊళ్లలో నీళ్లు రోజంతా రావు. గంటో, రెండు గంటలో వదిలి కట్టేస్తారు. మిగతా సమయమంతా పైపు ఖాళీగా ఉంటుంది. తాగునీటి లైను, మురుగు లైను పక్కపక్కనే పోతున్నచోట పైపుకు చిల్లు పడితే, లోపల ఒత్తిడి లేని వేళ బయటి మురుగు లోపలికి దిగుతుంది. నీళ్లు వదలగానే మొదట వచ్చేది అదే. మీ ‘మొదటి పది నిమిషాల’కు కారణం దాదాపుగా ఇదే అయి ఉంటుంది. లైన్‌కు నేరుగా మోటారు బిగిస్తే ఈ పీల్పు ఇంకా పెరుగుతుంది. అందుకే అది నిబంధనలకు విరుద్ధం. హైదరాబాద్‌లో జలమండలి 2025 వేసవిలో ఇలాంటి మోటార్లను పట్టుకుని జరిమానాలు వేసింది కూడా. ‘మురుగు మేం పంపలేదు, వాళ్లే మోటారు పెట్టి లాక్కున్నారు’ అని వాదించే అవకాశం వాళ్లకు మీరే ఇవ్వకండి. ఈ రోజే తీసేయించండి. తీసేసిన పైపు జాయింటును తేదీ కనిపించేలా ఫోటో తీసుకోండి. ఇంతకాలం మోటారు ఉందన్న సంగతి మాత్రం దాచొద్దు. చిల్లు పడిన పైపును బాగుచేయాల్సిన బాధ్యత మీ మోటారు వల్ల వాళ్ల మీద నుంచి పోదు. మహా అయితే పరిహారం కొంత తగ్గుతుంది.

ఇక టీడీఎస్ మీటర్. నీళ్లలో కరిగిన లవణాలు ఎంతున్నాయో చెప్పడానికి తప్ప అది దేనికీ పనికిరాదు. క్రిములు దానికి కనిపించవు. డ్రైనేజీ కలిసిన నీళ్లకు కూడా నూట తొంభై చూపించగలదు. లైన్‌మన్ చూడాల్సింది మిగులు క్లోరిన్. చిన్న గాజు గొట్టంలో నీళ్లు పట్టి రెండు చుక్కల మందు వేస్తే పసుపు రంగు తిరగాలి. తాగునీటికి భారతీయ ప్రమాణమైన ఐఎస్ 10500 ప్రకారం, కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. 100 మిల్లీలీటర్ల నీళ్లలో ఈ-కొలి ఒక్కటి కూడా కనిపించకూడదు. ఈసారి ఎవరైనా వస్తే ‘క్లోరిన్ చూశారా, ఎంతుంది, కాగితం మీద రాసివ్వండి’ అని అడగండి. రాసివ్వకపోతే, ఫలానా తేదీన అడిగితే రాసివ్వలేదని మీరే ఆఫీసుకు ఈమెయిల్ పెట్టండి.

మీ ల్యాబ్ రిపోర్టు విషయం. ప్రైవేటు రిపోర్టు కాబట్టే చెల్లదనడం తప్పు. ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తింపున్న ల్యాబ్ అయితే దానికి విలువ ఉంటుంది. మీ రిపోర్టులో అసలు లోపం, నీళ్లు పట్టిన చోటు. వంటింటి కుళాయికి నీళ్లొచ్చేది మిద్దె మీది ట్యాంకు నుంచి, ట్యాంకుకొచ్చేది సంపు నుంచి. ‘మీ సంపు కడిగించుకోండి’ అని లైన్‌మన్ అన్నమాట రేపు వాళ్ల కౌంటర్‌లో, అంటే కేసుకు వాళ్లు రాసిచ్చే జవాబులో, మొదటి పేరాగా వస్తుంది. చాలా ఏళ్ల క్రితం నేనూ ఇలాంటి కేసు ఒకటి ఓడిపోయాను. క్లయింటు కూల్‌డ్రింక్ సీసా కడిగి, ట్యాంకు కుళాయి కింద నీళ్లు పట్టి, మర్నాడు బస్సులో ల్యాబ్‌కు తీసుకెళ్లాడు. రిపోర్టు నిండా క్రిములే. అవి లైన్‌వా, ట్యాంకువా, సీసావా అని అడిగితే మా దగ్గర జవాబు లేదు.

కాబట్టి మళ్లీ పరీక్ష చేయించండి. రోడ్డు లైన్ నుంచి మీ ఇంటికి పైపు వచ్చేచోట, సంపులో పడకముందే, మీటర్ దగ్గర కుళాయి ఉంటే అక్కడ పట్టాలి. లేకపోతే ప్లంబర్‌తో పెట్టించండి. సీసా ల్యాబ్ వాళ్లే ఇస్తారు. దాని అడుగున ఉండే మందు నీళ్లలోని క్లోరిన్‌ను విరిచేయడానికి, పొరపాటున కడిగేయొద్దు. వీలైతే ల్యాబ్ మనిషినే రప్పించండి. వాళ్లు కుళాయి మూతిని మంటతో కాల్చి, కాసేపు నీళ్లు వదిలేసి, సీసా అంచుకు వేలు తగలకుండా పట్టి, ఐస్‌బాక్సులో పెట్టి ఆరు గంటల్లోపు ల్యాబ్‌కు చేరుస్తారు. మీ సమస్య మొదటి పది నిమిషాలది కాబట్టి రెండు సీసాలు పట్టమనండి: నీళ్లొచ్చిన మూడో నిమిషంలో ఒకటి, అరగంట తర్వాత ఒకటి. పక్కింటి వాళ్లు ఇద్దరు సాక్షులుగా సంతకం చేయాలి, ఫోన్‌లో వీడియో తీయాలి. పట్టబోతున్నామని ముందురోజే ఆఫీసుకు ఈమెయిల్ పెట్టి, ‘మీరూ మనిషిని పంపండి’ అని రాయండి. రాకపోయినా మీకే మంచిది. తెలంగాణ వాళ్లకు హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో ప్రభుత్వ ల్యాబ్ ఉంది. సర్కారు ముద్ర ఉన్న కాగితమైతే వాదన సగం తగ్గుతుంది.

బాబు జబ్బు గురించి. డిశ్చార్జ్ సమ్మరీలో ‘జాండిస్’ అని మాత్రమే ఉంటే చాలదు, కామెర్లకు కారణాలు చాలా ఉంటాయి. కలుషితమైన నీళ్లతో వచ్చేవి ముఖ్యంగా హెపటైటిస్ ఎ, ఇ. ఆ రక్తపరీక్ష ఫలితం ఫైల్లో ఉందో లేదో చూసి, ఏ రకమో డాక్టర్‌గారితో రాయించుకోండి. ఇంకోటి, ఆ వైరస్ కడుపులో పడ్డాక జబ్బు బయటపడడానికి కనీసం రెండు వారాలు, ఒక్కోసారి నెల దాటి పడుతుంది. అంటే అడ్మిట్ చేసిన రోజు నీళ్లు ఎలా ఉన్నాయన్నది కాదు, దానికి నెల ముందు ఎలా ఉన్నాయన్నది ముఖ్యం. మీ మూడు ఫిర్యాదుల నంబర్లు, ఎస్సెమ్మెస్‌లు అందుకే బంగారం. ఫోన్ మార్చినా అవి పోకుండా చూసుకోండి. అదే వీధిలో ఇంకెవరికైనా కామెర్లు, విరేచనాలు వచ్చి ఉంటే వాళ్ల కాగితాలూ సేకరించండి. ఒక ఇంటి జబ్బుకు వంద కారణాలు చెప్పొచ్చు, వీధంతా పడుకుంటే చెప్పలేరు.

ఇప్పుడు కేసు ఎక్కడ వేయాలో చూద్దాం. అందరికీ మొదట గుర్తొచ్చేది వినియోగదారుల కమిషన్. అక్కడికి రెండేళ్లలోపు వెళ్లొచ్చు, మీలాంటి కేసుకు ఫీజు ఉండదు. అయితే ‘మాకు పన్నులే గానీ సేవకు డబ్బు కట్టలేదు, కాబట్టి మీరు వినియోగదారులు కారు’ అన్న అభ్యంతరం అక్కడ వస్తుంది. నెలనెలా నీటి బిల్లు కడుతుంటే దాన్ని తిప్పికొట్టొచ్చు. హైదరాబాద్‌లోలా నెలకు 20 వేల లీటర్ల వరకు ఉచితంగా ఇచ్చేచోట మాత్రం ఈ పేచీ మీదే ఏడాది గడిచిపోవచ్చు.

అందుకే మీకు నేను చెప్పేది పర్మనెంట్ లోక్ అదాలత్. అప్పుడప్పుడు శనివారాలు పెట్టి యాక్సిడెంటు కేసులు రాజీ చేసే లోక్ అదాలత్ కాదిది. న్యాయసేవాధికార సంస్థల చట్టంలోని 22బి సెక్షన్ కింద శాశ్వతంగా పనిచేసేది. ప్రజలకు నీటి సరఫరా అన్నది ఆ చట్టంలోనే ‘ప్రజోపయోగ సేవ’గా రాసి ఉంది, కాబట్టి డబ్బు కట్టారా, ఉచితమా అన్న గొడవ లేదు. కోటి రూపాయల దాకా వినే అధికారం ఉంది. కోర్టు ఫీజు లేదు, లాయరూ తప్పనిసరి కాదు (నా తోటి లాయర్లు నన్ను క్షమించాలి). ముందు రాజీకి ప్రయత్నిస్తారు. అవతలివాళ్లు దిగిరాకపోతే, మామూలు లోక్ అదాలత్‌లా చేతులెత్తేయకుండా, వాళ్లే విచారించి తీర్పు చెబుతారు. ఆ తీర్పు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. హైకోర్టుకు రిట్ మాత్రం వేసుకోవచ్చు.

షరతు ఒకటుంది. వివాదం వేరే కోర్టుకు వెళ్లకముందే ఇక్కడికి రావాలి. ఇక్కడ దరఖాస్తు పెట్టాక అదే వివాదంతో ఇంకో కోర్టుకు వెళ్లకూడదు. ఎవరో చెప్పారని ఆవేశంలో ముందు ఇంకోచోట వేసేసి, తర్వాత ఇక్కడికొచ్చి ఉసూరుమన్నవాళ్లను చాలామందిని చూశాను. మీ జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థ ఆఫీసులో అడిగితే దరఖాస్తు ఎక్కడ ఇవ్వాలో చెబుతారు.

అందులో 52 వేలు ఒక్కటే అడిగి ఊరుకోవద్దు. మీరు పోగొట్టుకున్న పనిదినాలు, కొన్న నీళ్ల క్యాన్ల ఖర్చు, బాబు పడ్డ బాధకు పరిహారం అడగండి. దానితోపాటు గడువు పెట్టి పైపు మార్చాలనీ, మార్చేదాకా రోజూ ట్యాంకర్ పంపాలనీ కోరండి. వీధివాళ్లు మరో పదిమంది మీతో కలిస్తే ఈ రెండో భాగానికి బలం పెరుగుతుంది.

వాళ్లు చెప్పబోయేవి రెండు. ఐఎస్ 10500 మాకు తప్పనిసరి కాదనడం ఒకటి. కావచ్చు, కానీ మలం కలిసిన నీళ్లు పంపొచ్చని ఏ చట్టమూ చెప్పదు. శుభ్రమైన నీరు జీవించే హక్కులో భాగమని 1991లో సుభాష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ దగ్గర ఫ్యాక్టరీ పెడతామని వచ్చిన ఎం.వి. నాయుడు కేసులోనూ తాగునీటి హక్కు గురించి మాట్లాడింది. రెండోది, పైపులు మార్చడానికి నిధులు లేవనడం. మధ్యప్రదేశ్‌లోని రత్లాం మునిసిపాలిటీ సరిగ్గా ఇదే చెబితే, 1980లో సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ ఒప్పుకోలేదు.

దరఖాస్తు వేసేముందు పది రూపాయలు పెట్టి సమాచార హక్కు కింద అడగండి: మీ వీధి పైపు ఏ ఏడాది వేశారు, ఆర్నెల్లుగా మీ వీధి చివరి కుళాయిలో క్లోరిన్ ఎంత నమోదైంది, మీ మూడు ఫిర్యాదుల మీద ఏం చర్య రాశారు. పరిశీలన జరగకుండానే ‘పరిష్కరించాం’ అని మూసేసిన ఫిర్యాదులు ఇందులోనే బయటపడతాయి. జవాబుకు 30 రోజుల గడువు ఉంటుంది. ప్రాణానికి సంబంధించిన సమాచారమైతే 48 గంటల్లో ఇవ్వాలని చట్టంలో ఉంది, ఆ మాట దరఖాస్తులో రాయండి. నిజంగా అంత త్వరగా ఇస్తారని మాత్రం ఆశ పెట్టుకోకండి.

చివరగా అద్దె ఇంటి సంగతి. కనెక్షన్ ఓనర్ పేరున ఉన్నా, ఆయన అనుమతితో ఆ నీళ్లు వాడుకుంటున్నది మీరే కాబట్టి ఫిర్యాదు చేసే హక్కు మీకుంది. ఆయన రెండు లైన్ల సమ్మతి లేఖ ఇస్తే ఇంకా మంచిది. ఎందుకొచ్చిన తలనొప్పని ఆయన సంతకానికి వెనకాడితే, అద్దె ఒప్పందం కాపీతో పాటు నీటి బిల్లు మీ ఫోన్ నుంచి కట్టిన రసీదులు జతచేయండి.