చిక్కుడుకి నల్లటి పేలు, కుండీ నిండా చీమలు

ప్రశ్న: మారతహళ్ళిలో మేడ మీద కుండీల్లో చిక్కుడు పెట్టానండీ. లేత కొనలకి పేలు పట్టినట్టు నల్లటి పురుగులు, ఆకులంతా జిగురు, పైగా చీమలు. చీమల మందు చల్లినా తగ్గట్లేదు. ఒకటే టెన్షన్.
– ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: చీమలు దొంగలు కావమ్మా, కాపలావాళ్ళు. దొంగ పేనుబంక, అంటే మీరు చూసిన ఆ నల్లటి పురుగే. సూదిలాంటి మూతి గుచ్చి రసం పీలుస్తుంది, ఆ రసంలో చక్కెర ఎక్కువ, మాంసకృత్తులు తక్కువ కాబట్టి అవసరానికి మించి తాగి, మిగిలిన తీపిని వెనక నుంచి వదిలేస్తుంది. మీ వేలికి అంటిన జిగురు అదే. దానికోసమే చీమలొస్తాయి, పేనుబంకను తినే అక్షింతల పురుగుల్ని (లేడీబర్డ్) తరిమేస్తాయి కూడా. జిగురు మీద మసిలా బూజు పట్టిందంటే ఆకుకి ఎండ అందదు. పేనుబంక పురుగులు మగతోడు లేకుండానే పిల్లల్ని కంటాయి, వారం పది రోజుల్లో ఆ పిల్లలూ తల్లులే, ఆలస్యం చేయకండి.

బాగా పట్టిన కొనలు తుంచి పారేయండి. పైపుతో ఆకుల అడుగున గట్టిగా నీళ్ళు కొడితే చాలావరకు రాలిపోతాయి. తర్వాత లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బునీళ్ళు కలిపి వారానికోసారి సాయంత్రం పూట చల్లండి, ఎండలో చల్లితే ఆకు మాడుతుంది. పాదు నీరసంగా ఉందని యూరియా మాత్రం వేయకండి, వేస్తే లేత చిగురు ఎక్కువొస్తుంది, అదంటే పేనుబంకకి మరీ ఇష్టం.